విప్పకూడని ముడుపు

బుట్ట మళ్ళీ కదిలింది.

ఈసారి నేత్ర కూడా చూసింది. కారు వెనక సీట్లో, వదినా ఆడబిడ్డల మధ్య, పసుపు గుడ్డతో మూటగట్టిన వెదురుబుట్ట అది. కారు ఆగి ఉంది, ఇంజను ఆపేసి ఉంది. అయినా ఆ పసుపు గుడ్డ ఒకపక్క ఉబ్బి, మెల్లగా చదునైంది, లోపలినుంచి ఎవరో మోచేత్తో పొడిచినట్టు.

"వదినా," అంది నేత్ర, గొంతు తగ్గించి. "ముడుపంటే టెంకాయ, పసుపు, ఒక్క రూపాయి. టెంకాయ యాడన్నా కదుల్తాదా?"

వీణ చెయ్యి అప్పటికే తలుపు పిడి మీద ఉంది.

పొద్దున బాగేపల్లిలో ఇల్లు దాటేటప్పుడు ఆమెకున్న దిగులల్లా ఒక్కటే, విమానంలో చెవులు నొప్పి పుడతాయంటారే అని. పెళ్ళయ్యాక ఇదే మొదటి విహారం. మలేషియా. అయిదు రోజులు. తోడు ఆడబిడ్డ నేత్ర. టికెట్లు తీసింది, హోటలు మాట్లాడింది, ఊదారంగు సూట్‌కేసు కొనిపెట్టింది అన్నీ వీణ మొగుడే. చింతామణిలో పూల మండీ ఆయనది. "నీ మొగుడికి ఏం గాలి సోకిందే?" అని వీధిలో ఆడవాళ్ళు ఎగతాళి చేస్తే వీణ సిగ్గుపడి నవ్వేసింది. ఎయిర్‌పోర్టు దాకా దించడానికి సునీల్‌కుమార్ కారు తెచ్చాడు. నేత్రకు కాబోయే మొగుడు. వచ్చీ రాగానే ఈ బుట్టను వీణ ఒళ్ళో పెట్టాడు. "పాతపాళ్య అవ్వ కట్టిచ్చిన ముడుపు, అక్కా. మలేషియాలో గుహల్లో సుబ్రహ్మణ్యస్వామి ఉండాడు కదా, ఆయనకంట. దారిలో విప్పకూడదంట."

పేరేసంద్ర దాటాక హైవే పక్క హోటలు ముందు కారు ఆపి, అతను కాఫీ తేవడానికి లోపలికి వెళ్ళాడు. అతను అటు వెళ్ళాడో లేదో, బుట్ట కదిలింది.

"విప్పుదాం," అంది నేత్ర.

"దేవుని ముడుపు నేత్రా! దోవలో విప్పితే ఎంత కీడు!"

"పాము గీము దూరి ఉంటే? అది కీడు కాదా?"

"ఎలుకేమో. అవ్వ ఇంట్లో ఎలుకలు జాస్తి."

"ఎలుకతో విమానం ఎక్కుదామా? కిటికీ పక్క సీటు ఇస్తారా దానికి?" అంటూనే నేత్ర ఫోన్ తీసింది. "ఉండు, అవ్వనే అడుగుతా. అవ్వ విప్పమంటే నీకు కీడు రాదు కదా."

కెంపమ్మవ్వ నేత్రకు అమ్మను కన్న తల్లి. ఎనభై దాటినా ఫోన్‌లో ఆమె గొంతు బజారు దాకా వినిపిస్తుంది. నేత్ర స్పీకర్ పెట్టింది.

"యాడికొచ్చినారే? ఇమానం ఎక్కినారా?"

"ఇంకా లేదవ్వా, పేరేసంద్ర కాడ ఉండాం. అవ్వా, ముడుపులో ఏమేం పెట్టినావు?"

"ఏ ముడుపే?"

"సుబ్రమణ్యస్వామికి కట్టి పంపిస్తివే."

అటువైపు నుంచి తిట్ల వాన. "నీకేమన్నా పిచ్చి పట్టిందా? మా మరిది ముత్యాలప్ప పోయి ఇంకా పెద్దదినం కాలేదు. మైలలో ఉండాము. దేవరింటి తలుపే తీయలేదు నేను. మైల మనిషి ముడుపు కడతాదంటే?"

నేత్ర నోరు తెరిచింది. "ముత్యాలప్ప తాత పోయినాడా? మాకెవురూ చెప్పలేదే!"

"నేనే చెప్పొద్దంటి. మీకు ఆ మైల అంటదు, మీది వేరే వంశం. కానీ ప్రయాణం పెట్టుకున్న పిల్లోళ్ళ చెవిన సావు కబురు వేస్తామా? కాలు ముందుకు పడతాదా? మీ అన్నకు కూడా చెప్పలేదు. వానికి చెప్తే మీకు చెప్పినట్టే. మీరు తిరిగొచ్చినాక చెప్పుకోవచ్చులే అనుకుంటి." అవ్వ గొంతు మారింది. "ఎవురే నా పేరు చెప్పింది?"

"మళ్ళీ చేస్తా అవ్వా," అని నేత్ర ఫోన్ పెట్టేసింది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అవ్వ కట్టని ముడుపు అవ్వ పేరుతో వచ్చింది. అబద్ధం చెప్పినవాడు అంతా సరిగ్గానే అల్లాడు. అవ్వ పేరు చెబితే ఎవరూ కాదనరు, విప్పకూడదంటే ఎవరూ విప్పరు. పాతపాళ్యలో ఒక చావు జరిగిందని, అవ్వ దాన్ని దాచిపెట్టిందని మాత్రం వాడికి తెలియదు.

వీణే ముడి విప్పింది.

పైన టెంకాయ ఉంది, వక్కాకు ఉంది, పిడికెడు పసుపు కొమ్ములున్నాయి. వాటి కింద బొరుగులు. నేత్ర రెండు చేతులా బొరుగులు పక్కకు తోసింది. కింద తడిపిన న్యూస్‌పేపరు చుట్టలు, పూలపొట్లాల్లా, ఒకదాని పక్కన ఒకటి వరసగా పేర్చి ఉన్నాయి. ఒక చుట్ట ఊడిపోయింది. అందులోంచి బయటికి వచ్చి, బొరుగుల్లో ఈదుకుంటూ, నిమ్మకాయంత తాబేలుపిల్ల వీణ వైపు మెడ చాపింది. నల్లటి చిప్ప మీద పసుపుపచ్చ నక్షత్రాలు.

"అయ్యో దేవుడా," అంది నేత్ర. "గుట్టల్లో మెట్ట తాబేళ్ళు. పోయినేడు పేపర్లో పడింది కదా వదినా, ఇవే, ఇవే ఎత్తుకపోతాంటే ఇద్దరిని పట్టుకుని జైల్లో వేసినారని. బయట దేశాల్లో ఇవి ఇంట్లో పెట్టుకుంటే కలిసొస్తుందంట. ఒక్కొక్కటీ..." మాట మధ్యలో ఆగిపోయింది. "మనం దీంతో ఎయిర్‌పోర్టుకు పోతాండాం."

వీణ వినడంలేదు. ఆమె ఒక చుట్ట చేతిలోకి తీసుకుని చూస్తోంది. కాగితం చుట్టూ తడి అరటినార రెండు చుట్లు. ముడి లేదు. కొసను లోపలికి మడిచి, పైచుట్టు కిందికి దూర్చి బిగించారు. పైన చిన్న మూతి, గాలికి.

పెళ్ళయిన కొత్తలో మండీ వెనక రేకుల కొట్టంలో ఆమె కూర్చుని ఇలాగే గులాబీలు చుట్టేది. హైదరాబాదుకు పోయే పూలు. ఆమె ముడి వేస్తే పక్కనున్న మనిషి నవ్వి, నార విప్పి, మళ్ళీ తన వేళ్ళతో ఆమె వేళ్ళను పట్టుకుని చేసి చూపించేవాడు. "ముడి వేస్తే కాడ నలుగుతాదే. ఊపిరాడాల, కదలకూడదు. అంతే పని." ఆ కొట్టంలో కూలోళ్ళందరూ ముడే వేస్తారు. అలా మడిచి దూర్చేది ఒక్కడే.

వీణ చుట్టను బుట్టలో పెట్టేసింది. ఆ క్షణాన నోరు తెరిచి ఉంటే తర్వాత సునీల్ అన్ని తిట్లు తినేవాడు కాదు.

అతను మూడు కాఫీ గ్లాసులు రెండు చేతుల్లో ఇరికించుకుని, ఈల వేసుకుంటూ వచ్చాడు. విప్పిన బుట్ట చూసి ఈల ఆపాడు.

"ముడుపు విప్పేసినారా? విప్పకూడదని చెప్తి కదా..."

"రాప్పా, రా!" నేత్ర కారు దిగి ఎదురువెళ్ళింది. "ఎవరిచ్చినారు ఇది?"

"అవ్వ."

"ఏ చేత్తో ఇచ్చింది? మైల చేత్తోనా? అవ్వతో ఇప్పుడే మాట్లాడినాము. దేవరింటి తలుపే తీయలేదంట ముసలిది. ట్రాక్టర్లు అమ్ముకునే మొగానికి తాబేళ్ళ యాపారం ఎందుకప్పా? మాకేం తెలీదనుకున్నావా? ఆడోళ్ళు, పొద్దున్నే పూలు పెట్టుకుని దేవుని పేరు చెప్తే మోసుకుపోతారనుకున్నావా?"

"తాబేళ్ళా?" సునీల్ తొంగిచూశాడు. ఒక గ్లాసు ఒలికి చేతి మీద పడింది, అతనికి తెలియను కూడా తెలియలేదు. "నేత్రా, అమ్మతోడు, నాకు తెలీదు. ముడుపనే తెచ్చినా."

"అయితే అవ్వ ఇచ్చిందని ఎందుకు చెప్పినావు?"

"చెప్పమన్నారు."

"ఎవరు?"

సునీల్ వీణ వైపు చూశాడు. ఆ చూపులో తప్పు చేసినవాడి భయం లేదు. చావు కబురు మోసుకొచ్చినవాడి మొహమాటం ఉంది. "అక్కా, మీకు అర్థమయ్యే ఉంటాది, మీరే చెప్పండి," అన్నాడు.

"వదిననెందుకు ఇరికిస్తావు? ఈ ఉంగరం చూడు..." నేత్ర నిశ్చితార్థం ఉంగరాన్ని వేలినుంచి లాగబోయింది. అది రాలేదు. ఏడుపూ కోపమూ కలిసి, "ఇది కూడా నీలాగే, పట్టుకుంటే వదలదు!" అని అరిచింది. హోటలు ముందు ఇడ్లీ తింటున్న లారీ డ్రైవర్లు తలలు తిప్పారు.

అప్పుడు వీణ ఫోన్ మోగింది. తెర మీద 'మోహిత్ అప్ప' అని ఉంది, అంటే మోహిత్ వాళ్ళ నాన్న. మోహిత్ ఆమె కొడుకు, చిక్కబళ్ళాపురంలో హాస్టల్లో ఉండి పీయూసీ చదువుతున్నాడు.

"కారెక్కండి ఇద్దరూ," అంది వీణ. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "తలుపులు వేయండి. నేత్రా, ఏం విన్నా నోరు తెరవద్దు."

స్పీకర్ నొక్కింది.

"యాడ ఉండారు?" మొగుడి గొంతు. వెనక మండీలో వేలంపాట అరుపులు వినిపిస్తున్నాయి.

"పేరేసంద్ర."

"ఇంకా ఆడే ఉండారా? సరే, చూడు. ముడుపు చేతిసంచిలో వద్దు. పెద్ద సూట్‌కేసులో బట్టల నడుమ పెట్టు. ఆడ గుడి మెట్ల కాడ గోవిందరాజు అని ఒకాయన వస్తాడు, మన వైపాయనే. ఆయన చేతిలో పెట్టేయ్. ఆయనే స్వామికి చేరుస్తాడు."

"ముడుపు మనమే కదా సమర్పించాల. వేరేవాళ్ళ చేతికి ఇస్తారా?"

"ఆ ఊర్లో పద్ధతి అట్లంట."

"ఎవరు కట్టినారు ముడుపు?"

"అవ్వ. ఎన్నిసార్లు చెప్పాల?"

"అవ్వ మైలలో ఉండాది. ముత్యాలప్ప పోయినాడు."

వేలంపాట అరుపులు మాత్రం వినిపించాయి. ఎవరో చామంతి ధర గట్టిగా పిలిచారు. తర్వాత ఆ అరుపులు దూరమయ్యాయి. ఆయన బయటికి నడిచాడన్నమాట.

"విప్పినావా?" అన్నాడు చివరికి.

"నారకు ముడి లేదు," అంది వీణ.

ఆయన చిన్నగా నవ్వాడు. దొరికిపోయినవాడి నవ్వులా లేదది. మొండికేసిన పెళ్ళాన్ని బుజ్జగించే నవ్వు. "తెలిసినాక ఇంక మంచిదే. జాగ్రత్తగా పోతావు. భయపడొద్దు వీణా. నీ ముఖం చూసి ఎవరికీ అనుమానం రాదు, ఇస్కూలు టీచరమ్మ మాదిరి ఉంటావు. ఆడబిడ్డను ఎంటబెట్టుకుని గుడికి పోయే ఆడమనిషి సంచి ఎవరు తెరుస్తారు?"

"అందుకేనా ఈ టూరు?"

"టూరు టూరే. సముద్రం చూడు, బట్టలు కొనుక్కో. ఎవరొద్దన్నారు?"

"నేను పోను."

"పోకుంటే?" గొంతు చల్లబడింది. "బుట్ట నీ చేతిలో ఉండాది. సూట్‌కేసు నీది, టికెట్టు నీ పేరు మీద. ఎవరన్నా అడిగితే నేను చింతామణిలో పూలు అమ్ముకుంటాండా. అర్థమవుతాందా?" మళ్ళీ మెత్తగా, "ఈసారికి పోయిరా. నీకు కష్టమైతే దసరా సెలవుల్లో వాన్ని పంపిద్దాంలే. మోహిత్‌ను. వానికి పాస్‌పోర్టు వచ్చేసింది కదా. కుర్రోడు, సంతోషంగా పోతాడు."

లైను కట్టయింది.

బుట్టలో బొరుగులు మెల్లగా గరగరలాడాయి.

నేత్ర రెండు చేతులతో నోరు మూసుకుని ఉంది. అమ్మా నాన్నా పోయాక ఆమెను చదివించినవాడు, జ్వరం వస్తే గుడిబండె నుంచి డాక్టరును బండి మీద ఎక్కించుకుని తెచ్చినవాడు, పెళ్ళికి తానే అప్పగింతలు చేస్తానని ఊరంతా చెప్పుకుంటున్నవాడు. ఆ అన్న గొంతే ఇప్పుడు విన్నది.

"ముడుపు తానే కట్టించినట్టు ఎవరికీ చెప్పొద్దన్నాడు బావ," అన్నాడు సునీల్, ముందు అద్దంలోకి చూస్తూ. "ఆ మొక్కు వీణ కోసం, తెలిస్తే ఫలించదు, అవ్వ ఇచ్చిందని చెప్పు అన్నాడు. నమ్మినా అక్కా. పెళ్ళాం మీద ఎంత ప్రేమో అనుకున్నా."

వీణకు నవ్వొచ్చింది. ఏడుపు రావాల్సిన చోట అది ఎందుకొచ్చిందో ఆమెకు తెలియలేదు.

"వదినా," నేత్ర ఆమె చెయ్యి పట్టుకుంది. "వీటిని ఆ గుట్ట కాడ వదిలేద్దాం. ఎవరికీ తెలీదు. ఫ్లైట్ తప్పిపోయిందని చెప్పి ఇంటికి పోదాం. నేను అన్నతో మాట్లాడతా, తిడతా, కాళ్ళు పట్టుకుంటా. వింటాడు. నా మాట వింటాడు."

"ఇప్పుడు వింటాడు. దసరాకు?"

నేత్ర చెయ్యి వదిలింది.

"నాకొక్కదానికే ఏమన్నా అయ్యేది ఉంటే నోరు మూసుకునేదాన్నేమో నేత్రా. అలవాటే కదా. ఇంటికి పోయి, అన్నం వండి పెట్టి, ఏమీ జరగనట్టు పడుకునేదాన్ని. కానీ వాడికి పదిహేడేళ్ళు. వాళ్ళప్ప ఏం చెప్పినా చేస్తాడు. ముడుపంటే కళ్ళకద్దుకుని మోస్తాడు." వీణ బుట్ట మీద పసుపు గుడ్డ కప్పింది, ఊపిరాడేట్టు వదులుగా. "సునీలూ, బండి తియ్యి. చిక్కబళ్ళాపురంలో ఫారెస్టు ఆఫీసు యాడుందో తెలుసా?"

"అక్కా, బాగా ఆలోచించుకోండి. బుట్ట మన కార్లో ఉండాది. మనల్నే పట్టుకుంటే?"

"పట్టుకోనీ."

"బండి ఆపు సునీల్! వదినా, అది మా అన్న!" నేత్ర అరిచింది. కానీ కారు అప్పటికే హైవే ఎక్కింది. నందికొండ ఎదురుగా పెద్దదవుతూ వచ్చింది. ద్రాక్షతోటలు, పూల షెడ్లు పక్కనుంచి జారిపోయాయి. విమానం ఎక్కితే పైనుంచి ఇవన్నీ ఎట్ల కనిపిస్తాయో చూడాలని పొద్దున వీణ అనుకుంది. ఎయిర్‌పోర్టుకు నేరుగా పోయే దారి వదిలి సునీల్ ఊళ్ళోకి తిప్పినప్పుడు నేత్ర ముఖం కిటికీకి ఆనించుకుని, చప్పుడు లేకుండా ఏడ్చింది. వీణ ఆమె వీపు నిమరబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఫారెస్టు ఆఫీసులో అమరనాథ్ అనే రేంజరు బుట్టలోకి చూసి, కుర్చీలోంచి లేచాడు. ఒక్కొక్క చుట్టా విప్పించి, తాబేలుపిల్లలను నీళ్ళ పళ్ళెంలో పెట్టించాడు. కొన్ని వెంటనే కాళ్ళు చాపాయి. కొన్ని కదల్లేదు. ఆయన ముందు కన్నడలో మాట్లాడాడు, వీణ మాట విని తెలుగులోకి మారాడు.

"కూర్చోండమ్మా. ఇట్ల తమంతట తాము తెచ్చి ఇచ్చేవాళ్ళను నేను చూడలేదు. కానీ బుట్ట మీ దగ్గర దొరికింది. మీరు చెప్పేదాన్ని బట్టే ఉంటుంది అంతా. తెలుసు కదా?"

"తెలుసు సార్."

ఆయన పెన్ను తీశాడు. "మీ పేరు?"

"వీణ."

"భర్త పేరు?"

వీణ నోరు మూతపడింది. వాళ్ళ అత్తగారు నేర్పింది అది, పెళ్ళయిన మొదటి రోజే. ఇంటాయన పేరు నోట పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందని. రేషన్ కార్డు కాడ, మోహిత్‌ను బడిలో వేసేటప్పుడు, ఆస్పత్రిలో, ఎక్కడైనా ఆ ప్రశ్న వస్తే పక్కనున్నవాళ్ళు చెప్పేవాళ్ళు. ఎక్కువసార్లు చెప్పింది నేత్రే. "మా వదిన చెప్పదు సార్, నేను చెప్తా," అని నవ్వుతూ.

ఈసారి నేత్ర చెప్పలేదు. గోడకు ఆనుకుని, ఎర్రబడ్డ కళ్ళతో వీణనే చూస్తోంది. ఆ కళ్ళు బతిమాలుతున్నాయి. వద్దు వదినా. ఒక్క మాట, యాడో దొరికిందని చెప్పు. ఎవరో తెలీదని చెప్పు.

రేంజరు కాసేపు చూసి, ఆ గడి ఖాళీగా వదిలాడు. "సరే, తర్వాత రాసుకుందాం. అసలు సంగతి చెప్పండి. ఈ బుట్ట కట్టింది ఎవరు?"

నీళ్ళ పళ్ళెంలో ఒక తాబేలుపిల్ల అంచు ఎక్కబోయి వెల్లకిలా పడింది. వీణ వేలితో దాన్ని మెల్లగా తిప్పి పెట్టింది.

"రెండు గడుల్లోనూ ఒకటే పేరు రాసుకోండి సార్," అంది.

"వదినా!" అంది నేత్ర.

వీణ తలెత్తి, పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి, ఆ పేరు గట్టిగా పలికింది.

"అంబరీష్."